మా వీధి మా ఇద్దరికీ ఒకటి కాదు

పర్లాకిమిడిలో మేము ఉన్న వీధి పొడుగాటి వరస వీధి. గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల పాత ఊళ్లను చూసినవారికి ఆ కట్టుబడి తెలిసే ఉంటుంది. ఇంటికీ ఇంటికీ మధ్య ఉమ్మడి గోడ, ముందువైపు వీధి పొడుగునా అరుగులు, వెనక సన్నగా సాగిపోయే పెరడు, పెరటి చివర నుయ్యి. అరుగులు ఒకదానినొకటి ఆనుకుని ఉండడంవల్ల, వానాకాలంలో వీధి మొదట్లో అరుగెక్కిన పిల్లవాడు కాలికి బురద అంటకుండా చివరి ఇంటిదాకా పోగలిగేవాడు. దారిలో ఎవరు కునుకు తీస్తున్నా, ఎవరు చేటలో బియ్యం ఏరుతున్నా వాళ్ల కాళ్లు దాటుకుని పోవడమే. దాటినందుకు తిట్టేవారు, తిట్టినవారే వెనక్కి పిలిచి చేతిలో బెల్లం ముక్క పెట్టేవారు.

ఇలాంటి వీధుల గురించి ఈమధ్య ఎవరు రాసినా ఆ అరుగులను తలుచుకుని, ఆ రోజుల్లో పిల్లలకు దిగులన్నదే తెలియదని, ఇప్పటి పిల్లల మనోవేదనలకు అపార్టుమెంట్లూ మొబైళ్లే కారణమని తేల్చేస్తున్నారు. పదిహేనేళ్లు వచ్చేదాకా నేను ఆ వీధిలో పెరిగాను. ఆ తరవాత బరంపురంలో చదువుకుని, అక్కడే హైస్కూలులో ఉపాధ్యాయురాలిగా ఉద్యోగ విరమణ దాకా పదమూడు, పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల మధ్యనే గడిపాను. ఆ మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను. మా తమ్ముడు ఒప్పుకుంటాడు. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే అరుగు మీద పెరిగినవాళ్లమే.

మా ఊరి సంగతి కొంత చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం మద్రాసు రాష్ట్రం నుంచి విడివడి ఒరిస్సాకు వచ్చింది. మహేంద్రతనయ ఏటి ఒడ్డునే ఉన్న పాతపట్నం మాత్రం మద్రాసులోనే ఉండిపోయి, తరవాత ఆంధ్రలో కలిసింది. కాబట్టి మా బంధువుల్లో సగం మంది అటు, సగం మంది ఇటు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, బజారులో ఏది ముందు నోటికి వస్తే అది. పాతపట్నంలో నీలమణి దుర్గ అమ్మవారి గుడికి వెళ్లామంటే రాష్ట్రం దాటినట్టే గాని, అక్కడా మమ్మల్ని పేరుపెట్టి పిలిచేవారే, ఫలానావారి పిల్లలని గుర్తుపట్టేవారే. నౌపడా నుంచి గుణుపురం పోయే చిన్న రైలు ఎక్కినా అంతే. ఎరగని ముఖం కనబడే చోటు మా బాల్యంలో ఎక్కడా లేదు.

తమ్ముడికి అది కోట. వాడు నాకంటే రెండేళ్లు చిన్న. ఉదయం బడికి పోయేదాకా, సాయంత్రం బడి వదిలినప్పటినుంచి దీపాలు పెట్టేదాకా వాడు ఇంట్లో ఉన్న గుర్తు నాకు లేదు. వీధి చివర చింతతోపు, తోపు దాటితే ఏరు. గోళీలు, బిళ్లంగోడు, తరవాత్తరవాత క్రికెట్టు. లెక్కల్లో తప్పినప్పుడు మార్కుల కాగితం జేబులో మడిచి పెట్టుకుని పొద్దుగూకేదాకా తోపులోనే దాక్కుంటే, మేకలు తోలుకుపోయే ముసలాయన చూసి చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చి దిగబెట్టాడు. నాన్నగారు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఆయనకు కోపం తక్కువ, వస్తే పట్టలేము. ఆ రోజు ఆయన చెయ్యి లేవగానే ఎదురింటి మామ్మ వీధి దాటి వచ్చి, “ఓరి నాయనా, గుంటణ్ణి సంపీసెల్తావేటి, పరీచ్చ మల్లీ రాదేటి?” అని వాణ్ణి లాక్కుపోయి వాళ్లింట్లో అన్నం పెట్టి పడుకోబెట్టింది. తెల్లారేసరికి నాన్నగారి కోపం దిగిపోయింది. వాడికి ఇంట్లో చోటు ఇరుకైన ప్రతిసారీ వీధిలో మరో చోటు ఉండేది. ఎవరినీ అడగనక్కరలేని చోటు.

నేను పెద్దమనిషినయ్యేదాకా నాకూ ఉండేది. ఆ తరవాత అదే వీధి నాకు వేరేగా కనబడడం మొదలైంది. ఏటికి పోకూడదు, తోపులోకి పోకూడదు. అరుగు మీద కూర్చోవచ్చు గాని వీధివైపు ముఖం పెట్టి కూర్చోకూడదు. ఇవన్నీ ఎవరో ఒకరోజున కూర్చోబెట్టి చెప్పిన నియమాలు కావు. బడినుంచి వస్తుంటే ఒక్కొక్క అరుగునుంచీ ఒక్కొక్క మాట: “ఏటే గుంటా, ఇయ్యాల ఇంత పొద్దోయిందేటి?” “ఆ జడేటి, అలాగ ముందరికేసుకున్నావు?” “ఎవలితో మాటాడుతున్నావు ఆ మలుపుకాడ?” అందులో ఏ ఒక్కరికీ నా మీద కక్ష లేదు. నాకు జ్వరం వస్తే కషాయం కాచి తెచ్చిన చేతులు కూడా అవే. కాని ఆ ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటూ నడిచేసరికి మా గుమ్మం చేరేటప్పటికి నా అరచేతులు చెమటతో తడిసి ఉండేవి. ఒకసారి పెన్నులోకి రీఫిల్ కొనడానికి కొట్టు దగ్గర ఆగి, తోటి పిల్ల అన్నగారు అడిగిన ఏదో మాటకు జవాబు చెప్పి ఇల్లు చేరితే, నాకంటే ముందే ఆ సంగతి ఇల్లు చేరి ఉంది. అమ్మ ఏమీ అనలేదు. వంటింట్లోంచి ఒకసారి తల ఎత్తి చూసింది, అంతే.

పద్నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు నాకు నడకలో ఒక అలవాటు పట్టుకుంది. వీధిలోకి మలుపు తిరిగిన క్షణంనుంచి కళ్లు ఎత్తేదాన్ని కాదు. ఏ అరుగు అంచుకు ఎర్రమట్టి పట్టీ వేశారో, దేనికి సున్నం కొట్టారో, ఎక్కడ రాయి ఊడి కింద సందు ఏర్పడిందో, ఆ సందులో ఎవరి పిల్లి ఈనిందో ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఆ అరుగుల మీద కూర్చున్నవారు ఆ ఏడాది ఏ చీర కట్టారో, ఎవరికి జుట్టు నెరిసిందో మాత్రం చెప్పలేను. రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. సోమవారం తెల్లవారుజామున కడుపులో మెలిపెట్టేది. ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకునేది. డాక్టరుగారు కళ్లకింద రెప్ప లాగి చూసి రక్తం తక్కువన్నారు, ఇనుము మాత్రలు రాసిచ్చారు. అవి మింగాను. రక్తం పట్టిందేమో గాని దడ తగ్గలేదు.

ఇంకొకటి కూడా రాయాలి. అంతమంది కళ్లున్న ఆ వీధిలో, మొదట్లో ఉన్న కిళ్లీకొట్టు దగ్గర నిలబడి మాటలు విసిరే ఇద్దరు ముగ్గురు మగవాళ్లను మాత్రం ఎవరూ చూసేవారు కారు. చూసినా ఆ దారినే ఎందుకు వచ్చావన్న ప్రశ్న నాకే వచ్చేది. వీధి నన్ను కాపలా కాసిన మాట నిజమే. ఎవరినుంచి అన్నదే తేలలేదు.

చాలా ఏళ్లకు, ఉపాధ్యాయురాలిగా కౌమారం గురించి శిక్షణ తరగతులకు వెళ్లినప్పుడు, ఈ ఇరుగుపొరుగు వ్యవహారం మీద పెద్దపెద్ద పరిశోధనలే జరిగాయని తెలిసింది. రాబర్ట్ శాంప్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆయన సహచరులు షికాగో నగరాన్ని 343 పేటలుగా విభజించి, 8,782 మందిని ప్రశ్నించి 1997లో ఒక వ్యాసం ప్రచురించారు. మీ పేటలో పిల్లలు బడి ఎగ్గొట్టి వీధి మూల తిరుగుతుంటే పొరుగువారు పట్టించుకుంటారా, ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉందా, ఇలాంటివి వాళ్లు అడిగిన ప్రశ్నలు. పేదరికాన్ని లెక్కలోకి తీసుకున్నా సరే, పొరుగువారు కలిసి పట్టించుకునే పేటల్లో హింస తక్కువగా ఉందని తేల్చారు. ఆ వ్యాసం హింస గురించినది. అయితే ఆ తరవాత ఎందరో అదే కొలతను పట్టుకుని పిల్లల మానసిక ఆరోగ్యాన్ని పరిశీలించారు. ఆ ప్రశ్నలు చదువుతూ ఉంటే మేకల ముసలాయన, ఎదురింటి మామ్మ కళ్లకు కట్టారు. మా వీధికి ఆ పరీక్ష పెడితే నూటికి నూరు వచ్చేవి. కాని ఆ ప్రశ్నలకు మా తమ్ముడు ఇచ్చే జవాబు, నేను ఇచ్చే జవాబు అక్షరం తేడా లేకుండా ఒకటే అయినా, రాత్రి నిద్రపోయేది వాడొక్కడే.

1985 వేసవిలో నాన్నగారికి బరంపురం బదిలీ అయింది. అప్పటికింకా గజపతి జిల్లా లేదు. 1992 అక్టోబరు 2న అది ఏర్పడేదాకా మా ఊరు కూడా గంజాం జిల్లాలోదే, కాబట్టి కాగితాల మీద అది జిల్లాలోపలి బదిలీయే. బరంపురం తెలుగువారికి పరాయి ఊరు కాదు. పట్టుమగ్గాల వీధులు, అప్పడాలు, ఊరగాయలు, రెండేళ్లకొకసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి జాతర. పాత బరంపురంలో ఇల్లు దొరికి ఉంటే మళ్లీ ఒక పర్లాకిమిడి వీధి దొరికినట్టే అయ్యేది. కాని నాన్నగారి జీతానికి దొరికింది ఊరి అంచున కొత్తగా లేస్తున్న కాలనీలో వెనక వాటా. వేటికవిగా నిలబడ్డ ఇళ్లు, ప్రతి ఇంటి చుట్టూ ప్రహరీ, ప్రహరీ మీద గాజుపెంకులు. సగం స్థలాల్లో ఇంకా ఇసుక కుప్పలు, ఇనుప చువ్వలు. సాయంత్రం ఆరయ్యేసరికి గేట్లు మూతపడేవి. పక్కింటివారి పేరు తెలియడానికి మాకు దసరా దాకా పట్టింది.

నాకు ఊపిరాడింది. ఆ మాట రాయడానికి ఇప్పటికీ కొంచెం జంకుగానే ఉంది, ఎందుకంటే అమ్మకు ఆ ఇల్లు జైలయింది. అమ్మ కథ వేరు, దాన్ని ఇక్కడ ఇరికించను. నేను మాత్రం కాలేజీకి సైకిలు మీద వెళ్లేదాన్ని. కాలనీ రోడ్డు వెడల్పుగా ఉండేది, ప్రతి స్తంభానికీ దీపం వెలిగేది, దారిలో నన్ను ఎవరూ ఏమీ అడిగేవారు కారు. మొదట్లో ఆ నిశ్శబ్దం వింతగా ఉండేది. కొన్నాళ్లకు, ఎదురుగా వస్తున్నవారి ముఖాలు చూస్తూ సైకిలు తొక్కుతున్నానని ఒకరోజు నాకే స్ఫురించింది. స్నేహితురాళ్లతో కలిసి బస్సెక్కి గోపాల్‌పూర్ సముద్రానికి పోయి, ఇసుకలో కూర్చుని పల్లీలు తిని, చీకటి పడకముందే తిరిగి వచ్చాను. ఇంట్లో చెప్పే వెళ్లాను, అయినా దారిలో ఏ ఒక్కరికీ సంజాయిషీ చెప్పుకోలేదన్న ఆనందం ఇంకా గుర్తుంది. కడుపునొప్పి ఎప్పుడు పోయిందో తెలియలేదు. పోయిన నొప్పిని ఎవరూ గుర్తుపెట్టుకోరు కదా.

తమ్ముడు మాత్రం ఆ వానాకాలంనుంచి ముడుచుకుపోయాడు. కాలనీలో ఆడుకోవడానికి మైదానమంటూ లేదు. ఖాళీ స్థలంలో బంతి వేస్తే యజమాని వచ్చి తరిమేవాడు. వీడు, మరో ఇద్దరు పిల్లలు రోడ్డు మలుపున కల్వర్టు మీద కూర్చుంటే, పర్లాకిమిడిలో బెల్లం ముక్క పెట్టే వయసున్న పెద్దమనుషులే ఇక్కడ “పనీ పాటా లేదా, ఎవరింటి కుర్రాళ్లు మీరు?” అని గద్దించేవారు. బడిలో వాడి ఒడియా యాసను వెక్కిరించారు. మా కిమిడి ఒడియాలో తెలుగు ఒరవడి ఎక్కువ, పాఠం చదవడానికి నిలబెడితే క్లాసంతా నవ్వేదట. ఈ సంగతి వాడు నాకు చెప్పింది పెళ్లయిన తరవాత. అప్పట్లో మాకు కనబడింది ఒకటే: పొద్దున్న లేస్తే తలనొప్పి, బడి టైముకు వాంతులు, సాయంత్రం గోడవైపు తిరిగి పడుకోవడం. అన్నం సగంలో వదిలేసేవాడు. పర్లాకిమిడినుంచి వచ్చిన నాన్నమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీసి మొలతాడుకు తాయెత్తు కట్టింది. నాన్నగారు సోమరితనమన్నారు, ట్యూషను పెట్టారు. ఆ ఏడాది వాడు తరగతి తప్పాడు. ఈసారి వీధి దాటి వచ్చే మామ్మ లేదు. నాన్నగారి చెయ్యి లేచిన రాత్రి మధ్యలోకి వెళ్లినది నేను, నాకూ రెండు తగిలాయి.

వాణ్ణి ఆ ముడుచుకున్న స్థితిలోంచి ఇవతలికి లాగినవాడు మా బంధువు కాడు, మా భాషవాడు కూడా కాడు. కాలనీ మొదట్లో రేకులషెడ్డు కింద సైకిలు బాగుచేసే ఒక ఒడియా ఆయన. అందరూ ఆయన్ను భాయినా అనేవారు, అంటే అన్నయ్య అని. నా సైకిలు పంచరైతే తమ్ముడు తోసుకుంటూ తీసుకెళ్లాడు. ఆయన ఏ పలకరింపూ లేకుండా, “ఆరే పిలా, టికె ధర” అని ట్యూబు ఒక కొస వాడి చేతికిచ్చాడు. కాస్త పట్టుకో అని. ఆ మర్నాడు వాడు పని లేకుండానే వెళ్లాడు. తరవాత రోజూ వెళ్లాడు. నేను కాలేజీనుంచి తిరిగి వస్తూ చూసేదాన్ని: గాలి నింపిన ట్యూబును అంగుళం అంగుళం చొప్పున నీళ్ల తొట్టిలో ముంచుతూ పోతాడు, సన్నటి బుడగల గొలుసు పైకి లేచిన చోట బొటనవేలితో అదిమిపట్టి ఇవతలికి తీస్తాడు, గుడ్డతో తుడిచి గరుకు కాగితంతో రుద్దుతాడు, సొల్యూషను చుక్క వేసి చూపుడువేలితో గుండ్రంగా పూసి, అది ఆరేదాకా నోటితో ఊదుతూ కూర్చుంటాడు. భాయినా అటువైపు చూసేవాడే కాదు. అతికించిన రబ్బరు ముక్క మీద సుత్తితో రెండు దెబ్బలు వేసి, మళ్లీ నీళ్లలో ముంచి, బుడగ రాకపోతే తల ఊపేవాడు. అదే మెప్పు.

నాన్నగారు మొదట మండిపడ్డారు. గుమాస్తా కొడుకు సైకిలు షాపులో చేతులు నల్లగా చేసుకోవడమా అని. భాయినాకు ఆ సంగతి ఎలా తెలిసిందో, ఒక సాయంత్రం నాన్నగారి సైకిలు ఆపి, బ్రేకు కట్టలు అరిగిపోయాయని మార్చి, డబ్బులు ఇవ్వబోతే, “మీ అబ్బాయే వేశాడు” అన్నాడట. నాన్నగారు ఇంటికి వచ్చి ఏమీ మాట్లాడలేదు. ట్యూషను మానిపించలేదు గాని, దాని టైము మార్పించారు. తలనొప్పులు వెంటనే పోలేదు, మరుసటి ఏడు కూడా అప్పుడప్పుడూ వచ్చేవి. కాని వాడికి ఆ కాలనీలో పేరుపెట్టి పిలిచే గొంతు ఒకటి దొరికింది. ఆ తరవాతి ఠాకురాణి జాతరకు భాయినా బృందం పులివేషాలు కడితే, వాళ్లతో పాటు డప్పు మోసుకుంటూ తెల్లవార్లూ తిరిగి, కాళ్లు వాచి ఇంటికి వచ్చి, అమ్మ పెట్టిన చద్దన్నం గిన్నె ఖాళీ చేశాడు.

మా ఇద్దరి ఈ తలకిందుల కథను చాలాకాలం మా ఇంటి విచిత్రమనే అనుకున్నాను. తరవాత అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం గురించి చదివాను. 1994–98 మధ్య అక్కడి ప్రభుత్వం బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ నగరాల్లో, బాగా పేద పేటల్లోని ప్రభుత్వ గృహాల్లో ఉంటున్న సుమారు 4,600 కుటుంబాలను తీసుకుని, లాటరీ పద్ధతిలో కొందరికి పేదరికం తక్కువ ఉన్న పేటలకు మారడానికి అద్దె సాయం ఇచ్చింది. పది పదిహేనేళ్ల తరవాత, అప్పటికి పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య ఉన్న ఆ కుటుంబాల పిల్లలను పరీక్షించి, ఫలితాలను 2014లో ప్రకటించారు. అలా మారే అవకాశం దొరికిన కుటుంబాల ఆడపిల్లల్లో కుంగుబాటు తగ్గింది. మగపిల్లల్లో మాత్రం కుంగుబాటు, పాత ఆఘాతం వెంటాడే రుగ్మత, ప్రవర్తన సమస్యలు పెరిగాయి. మంచి చోటుకు పంపితే పిల్లలందరూ బాగుపడతారనుకున్నవారికి ఇది మింగుడుపడని ఫలితం.

కారణాలు వెతుకుతూ ఆ పిల్లలతో, తల్లులతో కూర్చుని మాట్లాడినవారు రాసినవి చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఆడపిల్లలకు మగవాళ్ల వేధింపుల భయం తగ్గింది, నిర్భయంగా నడవగలిగారు. మగపిల్లలకు వీధిలో గుంపుగా తిరిగే అలవాటు, కొత్త పేటల్లో వీధి మూల నిలబడితే పొరుగువారికి, పోలీసులకు అనుమానం. పాత పేటలో కన్నతండ్రి కాకపోయినా తండ్రిలా చూసిన మగవాళ్లు ఉండేవారు, కొత్తచోట వాళ్లు లేరు. కల్వర్టు, మేకల ముసలాయన, భాయినా అన్నీ అందులో ఉన్నాయి. మా బదిలీకి, తుపాకుల మోత మధ్య పెరిగిన ఆ పిల్లల వలసకు పోలిక లేదని నాకు తెలుసు, మేము పేదరికంలోంచి పారిపోలేదు. అయినా ఒక చోటు మంచిదా చెడ్డదా అని అడిగేముందు, ఎవరికి అని అడగాలన్నది ఆ కాగితాలు చదివాక నాకు ఖాయమైంది.

చెట్లూ చేమల సంగతి కూడా అంతే. డెన్మార్కులో తొమ్మిది లక్షలమందికి పైగా మనుషుల వివరాలు తీసుకుని, పదేళ్ల వయసు దాకా వాళ్ల ఇళ్ల చుట్టూ ఎంత పచ్చదనం ఉందో ఉపగ్రహ చిత్రాల్లో చూసి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. పచ్చదనం అతి తక్కువగా ఉన్నచోట పెరిగినవారికి తరవాత మానసిక రుగ్మతలు వచ్చే ముప్పు, రుగ్మతను బట్టి, 55 శాతం దాకా ఎక్కువగా కనబడింది. పచ్చదనమే కారణమని దానితోనే రుజువు కాదని వాళ్లే అన్నారు. పర్లాకిమిడి ఉపగ్రహ చిత్రం తీస్తే మా ఇంటికి పచ్చదనానికి లోటు లేదు, చింతతోపు మూడు నిమిషాల నడక. నేను పద్నాలుగో ఏట ఆ తోపు నీడన ఒక్కసారి కూడా కూర్చోలేదు. బరంపురం కాలనీలో చెట్టే లేదు, నాకు సముద్రం దొరికింది.

పాఠాలు చెప్పిన ఏళ్లలో ఈ చూపు నాకు పనికి వచ్చింది. మన దేశంలో 2015–16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వారు జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని చెప్పింది. నలభైమంది ఉన్న తరగతిలో ముగ్గురన్నమాట. ఆ ముగ్గురూ అల్లరి పిల్లలే అయి ఉండాలని లేదు, ఎక్కువసార్లు కారు కూడా. పిల్ల చదువులో వెనకబడితే తోటి ఉపాధ్యాయులు ఇంట్లో ఏమైందని అడిగేవారు. నేను దానితో పాటు ఏ దారిన వస్తున్నావు, ట్యూషను ఎన్నింటికి వదులుతారు, ఆ సందులో దీపం ఉందా అని అడిగేదాన్ని. రాయగడవైపు కొండ ఊళ్లనుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే మగపిల్లలను, ఆదివారం ఎక్కడికి పోతావు, ఎవరింటికి పోతావు అని అడిగితే, చాలామంది బజారుకు అనేవారు, ఎవరింటికీ అనేవారు కారు. ఇప్పుడైతే 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక సలహా సదుపాయం ఉంది. 2022లో మొదలైంది, డబ్బు కట్టక్కరలేదు. ఆ నంబరు బోర్డు మీద రాసి చెరపనిచ్చేదాన్ని కాదు. అయినా ఫోను ఎత్తి తన బాధ చెప్పుకోగల పిల్లలు కొందరే. చేతికి ట్యూబు కొస అందిస్తే తప్ప నోరు విప్పనివాళ్లు ఎక్కువ.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఈ సంగతి మరో రకంగా చూశాను. బరంపురంలో రోడ్ల మీద చెట్లు అడ్డంగా పడిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. 1999 మహాతుఫాను తరవాత ఒరిస్సా తీరంలోని కౌమార వయస్కులను ఏడాది దాటాక పరీక్షించిన మానసిక వైద్యులు, నాలుగో వంతుకు పైగా పిల్లల్లో ఆ ఆఘాతం ఇంకా రుగ్మతగా మిగిలే ఉందని రాశారు. కాబట్టి బడి తెరిచాక నేను భయపడుతూనే పిల్లల ముఖాలు చూశాను. గాలి కాస్త గట్టిగా వీస్తే కిటికీ దగ్గరనుంచి లేచిపోయే పిల్లలు ఉన్నారు. కాని అంతకుముందు ఏడాదంతా నోరు మెదపని ఒక కుర్రవాడు, మోటార్లు ఆడక తమ వీధిలో ముసలివాళ్లకు చేతిపంపునుంచి నీళ్లు మోసిన కథను విరామమంతా చెప్పాడు. ఏ ఇంటికి ఎన్ని బిందెలో వాడికి కంఠతా వచ్చింది. కరెంటు వచ్చాక గేట్లు మళ్లీ మూతపడ్డాయి. వాడి కథలు కూడా తగ్గాయి.

తమ్ముడు ఇప్పుడు రాయగడలో ఉంటున్నాడు. యంత్రాల పనే వాడి ఉద్యోగం, ఆ చేతులకు ఆ నలుపు వదలలేదు. కూతురు ప్లస్ టూకు బరంపురం రావాలి, కొడుకు ఎనిమిదో తరగతి, కాబట్టి సంసారం మొత్తాన్ని ఇక్కడికి మార్చాలనుకుని పోయిన నెల ఇల్లు చూడమని నాకు పురమాయించాడు. వాడికి మాత్రం పాత బరంపురంలో, అరుగులున్న వీధిలో, అందరూ అందరినీ ఎరిగినచోట ఇల్లు కావాలి. మేనకోడలు వేరే నంబరునుంచి నాకు ఫోను చేసి, “అత్తా, నాన్నకు చెప్పకు, అపార్టుమెంటు చూడు, పైఅంతస్తయితే మరీ మంచిది” అంది. మేనల్లుణ్ణి అడిగితే, ఎక్కడైనా ఫరవాలేదు, క్రికెట్టు ఆడేవాళ్లు ఉంటే చాలన్నాడు.

మూడు ఇళ్లు చూశాను. ఒకదాని ముందు సందులో దీపస్తంభం ఉంది గాని బల్బు లేదు, బల్బు ఎప్పుడు పోయిందని పక్క కొట్టువాణ్ణి అడిగితే ఎప్పుడైనా ఉందా అన్నాడు. రెండోదాని వెనక మైదానం ఉంది, తాళం వేసి ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోవడానికి మళ్లీ వెళ్లాలి. మూడోది మేడమీద వాటా. కింద టీకొట్టు ఉంది, అక్కడ సాయంత్రాలు ఎవరు కూర్చుంటారో చూద్దామని నేనూ ఒక బల్ల మీద కూర్చుని రెండు టీలు తాగాను. కొట్టు నడిపేది ఒక మధ్యవయసు ఆవిడ, బాకీ పడ్డ కాలేజీ కుర్రాళ్లను పేర్లు పెట్టి తిడుతోంది. ఇదంతా ఫోనులో తమ్ముడికి వివరంగా చెప్పాను.

వాడు ఓపికగా విని, “అప్పా, దీపం చూసినావు, తాళం చూసినావు, టీ కూడా తాగినావు. ఇంట్లో నీళ్లు వస్తాయో రావో చూసినావేటి?” అన్నాడు.

రేపు వెళ్లి చూడాలి.